పురుగుల లోకంలో ఒక జీవితం: హెరాల్డ్ మాక్స్‌వెల్-లెఫ్రాయ్

పెరటిలో నిమ్మ మొక్క ఉన్న ఇంటివారికి ఈ దృశ్యం కొత్త కాదు. లేత ఆకు మీద పక్షి రెట్ట పడినట్టు గోధుమ, తెలుపు కలిసిన మరక ఒకటి కనిపిస్తుంది. తుడవబోతే కదులుతుంది. కొన్నాళ్లు తిరిగేసరికి అది వేలెడు పొడవున పచ్చగా బలిసి, కొమ్మకు ఈనెలు మాత్రం మిగులుస్తుంది. పక్కనున్న కరివేపాకు మొక్కనూ విడిచిపెట్టదు. చీదరించుకుని పుల్లతో దులిపి, చెప్పుకింద నలిపేసిన ఆ ఇంటివారే నలుపు, పసుపు మచ్చల రెక్కలతో పెరట్లో తిరిగే సీతాకోకచిలుకను పిల్లలకు చూపించి మురిసిపోతారు. ఆ పురుగే ఈ చిలుక అయిందని వారికి తెలుసు. తెలిసినా రెండింటి పట్ల మనసు రెండు తీరులుగానే ఉంటుంది.

ఆరుద్ర కార్తెలో తొలకరి పడగానే నేల మీదికి వచ్చే ఎర్రని మఖమలు పురుగును పిల్లలు అరచేతిలోకి తీసుకుంటారు. శాస్త్రం దానిని కీటకాలలో చేర్చదు, సాలీడుకు చుట్టమంటుంది. పిల్లలకు ఆ పట్టింపు లేదు. వాసానికి చెదలు పట్టిందంటే ఇల్లంతా దిగాలుపడుతుంది. ఆ చెదలు కట్టిన పుట్టకే నాగుల చవితినాడు పాలు పోస్తాం. చీడ, పీడ అని జంటగా పలికే భాష మనది. పంటకు పట్టిన పురుగునూ మనిషికి పట్టిన కష్టాన్నీ ఒకే ఊపిరిలో తలచే మాట అది.

ఇటువంటి రోతకూ ఆసక్తికీ నడుమ తన జీవితమంతా గడిపి, చివరికి ఈగలను చంపేందుకు పరీక్షిస్తున్న విషవాయువుకు తానే బలైన శాస్త్రవేత్త హెరాల్డ్ మాక్స్‌వెల్-లెఫ్రాయ్. బ్రిటిషు పాలన కాలంలో ఇంపీరియల్ ఎంటమాలజిస్టుగా, అంటే దేశం మొత్తానికి ప్రభుత్వ కీటక శాస్త్రవేత్తగా, ఆయన పనిచేశారు. వ్యవసాయ విద్య చదివినవారికి ఆయన పుస్తకాల పేర్లు తెలుసు. మిగిలినవారు ఆయన పేరు వినకపోయినా, చెదలకు, బొద్దింకలకు మందు చల్లే ఒక ప్రపంచ ప్రసిద్ధ సంస్థ పేరు విని ఉంటారు. ఆ సంస్థకు మూలపురుషుడు ఆయనే.

లెఫ్రాయ్ 1877 జనవరి 20న ఇంగ్లండులో జన్మించారు. కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలో ప్రకృతి శాస్త్రాలు చదివారు. ఆనాటి ఇంగ్లండులో సీతాకోకచిలుకలను, పెంకు పురుగులను పట్టి, సూది గుచ్చి, అద్దాల పెట్టెలలో అమర్చుకునే పెద్దమనుషులకు కొదవ లేదు. అది తీరిక ఉన్నవారి సరదా. పొలంలోనూ తోటలోనూ నష్టం చేసే పురుగును శ్రద్ధగా చదివి, ఆ చదువుతోనే బతకడం అన్నది అప్పటికి ఇంకా అరుదైన సంగతి. ఆ అరుదైన దారినే లెఫ్రాయ్ పట్టారు. 1899లో, ఇరవై రెండేళ్ల వయసులో, వెస్టిండీస్ వ్యవసాయ శాఖ కీటక శాస్త్రవేత్తగా బార్బడోస్ దీవికి వెళ్లారు.

ఆ దీవులకు చెరకే బతుకు. ఆ చెరకు కాండాన్ని లోపలి నుంచి తొలిచే పురుగు మీద లెఫ్రాయ్ తొలి పాఠాలు నేర్చుకున్నారు. కాండంలో దాగిన పురుగు కంటికి కనిపించదు, పైన ఏది చల్లినా దానికి తగలదు. దానిని ఎదుర్కోవాలంటే తల్లి రెక్కల పురుగు ఎప్పుడు, ఎక్కడ గుడ్లు పెడుతుందో, పిల్ల పురుగు ఎన్నాళ్లు ఆకు మీద తిరిగి లోపలికి పోతుందో తెలియాలి. ఓపికగా చూస్తూ కూర్చోవడం తప్ప వేరే దారి లేదు. ఈ అలవాటే తరువాత భారతదేశంలో ఆయనకు పెట్టుబడి అయింది.

1903లో ఆయన భారతదేశానికి వచ్చేనాటికి ఇక్కడి ప్రభుత్వ కీటక శాస్త్రవేత్త పదవి ఖాళీగా ఉంది. అంతకు ముందు ఆ పదవిలో నియమితులైన లయొనెల్ డి నైస్‌విల్ సీతాకోకచిలుకల మీద గొప్ప పండితుడు. పదవి చేపట్టిన ఏడాదిలోనే, 1901లో, జ్వరంతో మరణించారు. ఒక పండితుడిని పోగొట్టుకున్న ఆ కుర్చీలో ఇరవై ఆరేళ్ల యువకుడు కూర్చున్నాడు. ఎదుట ఉన్న దేశం ఎంతటిదో ఆయనకు అప్పటికి పుస్తకాల ద్వారానే తెలుసు. సింధు ఇసుక నేలల నుంచి బర్మా వరి పొలాల దాకా, పంజాబు పత్తి నుంచి మద్రాసు ప్రెసిడెన్సీ జొన్న వరకు, ఏ మూల ఏ పురుగు పడినా జవాబు చెప్పవలసినవాడు తానొక్కడే.

ఆ రోజులలోనే బీహారులోని పూసా గ్రామంలో దేశానికంతటికీ ఒక వ్యవసాయ పరిశోధన సంస్థను నెలకొల్పే పని మొదలైంది. గవర్నర్ జనరల్ కర్జన్ ప్రభువు 1905 ఏప్రిల్ 1న దానికి శంకుస్థాపన చేశారు. అమెరికాకు చెందిన ధనికుడు హెన్రీ ఫిప్స్ ఇచ్చిన 30,000 పౌండ్ల విరాళం ఆ కట్టడానికి ఆధారం. పందొమ్మిదో శతాబ్దం చివరి కరవులలో దేశం లక్షలాది ప్రాణాలు పోగొట్టుకున్న జ్ఞాపకం అప్పటికి పచ్చిగానే ఉంది. పంటను కాపాడడం, పెంచడం ప్రభుత్వపు బాధ్యత అన్న తలపు ఆలస్యంగానైనా పాలకులకు కలిగింది. అక్కడి కీటక విభాగం లెఫ్రాయ్ చేతికి వచ్చింది.

పూసాలో ఆయన చేసిన మొదటి మేలు పురుగులను పెంచడం. చంపడానికి వచ్చినవారు పెంచడమేమిటని ఎవరికైనా అనిపించవచ్చు. రైతులు, ఉద్యోగులు పంపిన గుడ్లను, పిల్ల పురుగులను గాజు పాత్రలలో, పంజరాలలో ఉంచి, రోజూ తాజా ఆకు వేసి, అవి కుబుసం విడవడం, గూడు కట్టడం, రెక్కలతో బయటికి రావడం దినచర్య పుస్తకంలో రాయించేవారు. ఈ పనిని భారతీయ సహాయకులకు నేర్పారు. వారిలో చారుచంద్ర ఘోష్ తరువాతి కాలంలో బర్మా చీడపురుగుల మీద స్వయంగా గ్రంథం రాసేంతటి శాస్త్రవేత్త అయ్యారు. పురుగుల బొమ్మలు గీయడానికి భారతీయ చిత్రకారులనే పూసాలో తయారుచేసుకున్నారు. వారు గీసిన రంగుల చిత్రాలలో పొలుసు పురుగు వీపు మీది మైనపు పూత కూడా విడిగా తెలుస్తుంది. అసహ్యంతో చూసే కంటికి ఆ సూక్ష్మాలు అందవు.

ఈ కృషి ఫలితంగా 1906లో ఇండియన్ ఇన్‌సెక్ట్ పెస్ట్స్, 1909లో ఇండియన్ ఇన్‌సెక్ట్ లైఫ్ అన్న రెండు గ్రంథాలు వెలువడ్డాయి. మొదటిది పంటలకు, తోటలకు, నిల్వ ధాన్యానికి హాని చేసే పురుగుల గురించి. రెండోది దాదాపు 800 పుటల ఉద్గ్రంథం. మైదాన ప్రాంతాలలోని కీటకాలన్నిటినీ, మంచివీ చెడ్డవీ అన్న తేడా లేకుండా, పరిచయం చేసేది. ఫ్రాంక్ హౌలెట్ అన్న సహచరుడు దానిలో పాలు పంచుకున్నారు. రెండూ చదివితే ఒక సంగతి గమనానికి వస్తుంది. చీడల గురించి రాసిన పుస్తకం ముగిసిన మూడేళ్లకు, ఎవరికీ ఏ నష్టమూ చేయని వేలాది పురుగుల గురించి అంతకంటే పెద్ద పుస్తకం రాయాలని ఆయనకు తోచింది. మన తోటలో కనిపించే పురుగులలో చీడ అనదగినవి కొన్ని మాత్రమే. మిగిలినవి తమ బతుకు తాము బతుకుతుంటాయి. కొన్ని మన పని కూడా చేసిపెడతాయి.

చీడల పుస్తకంలోని నివారణ పద్ధతులు నేటి పాఠకుని ఆశ్చర్యపరుస్తాయి. చేతితో ఏరివేయడం, గోనె గుడ్డతో చేసిన వలలతో పట్టడం, పంట తీయగానే మోళ్లు పీకి కాల్చడం, దీపపు ఎరలు పెట్టడం, పురుగు ఎక్కువగా ఇష్టపడే మొక్కను పంట పక్కన ఎరగా వేయడం వంటివి అందులో ఉన్నాయి. కిరోసిను, సబ్బు కలిపిన మిశ్రమాలు, పొగాకు కషాయం కూడా ఉన్నాయి. సీసం, పాషాణం కలిసిన విషాలనూ ఆయన సిఫారసు చేశారు. అమాయకంగా దాచిపెట్టవలసిన సంగతి కాదది. అయితే చిన్న కమతం గల రైతుకు యంత్రమూ మందూ కొనే స్తోమత లేదని ఆయనకు తెలుసు. గుమ్మడి పాదు మీద బూడిద చల్లే మన పెద్దమ్మలకు ఆ పుస్తకంలోని సగం మాటలు కొత్తగా అనిపించవు.

1905లో పంజాబు, సింధు ప్రాంతాలలో పత్తికాయను తొలిచే మచ్చల పురుగు విజృంభించింది. పూసా శాస్త్రవేత్తలకు అది తొలి పెద్ద పరీక్ష. తెలుగు ఇళ్లలో బెండకాయ తరిగేటప్పుడు లోపల కనిపించి ఒళ్లు జలదరింపజేసే పురుగు ఆ జాతికి చెందినదే. దానికి బెండ, పత్తి రెండూ ఒకే కుటుంబపు రుచులు. అందుకే పత్తి చేలలో బెండ మొక్కలను ఎరగా వేయించి, వాటి మీద చేరిన పురుగులతో సహా కాయలు కోసి నాశనం చేయించే పద్ధతిని లెఫ్రాయ్ ప్రచారం చేశారు. దానితోపాటు మరొక పని చేశారు. మచ్చల పురుగు ఒంటి మీద గుడ్లు పెట్టి, తన పిల్లలకు దానిని ఆహారం చేసే చిన్న కందిరీగ వంటి కీటకం ఒకటి ఉంది. ఆ కీటకాలను పెట్టెలలో పెట్టి, అవి తక్కువగా ఉన్న జిల్లాలకు పంపించే ఏర్పాటు చేశారు. పురుగును పురుగుతోనే కట్టడి చేసే ఈ ఆలోచన ఈ దేశంలో వందేళ్లకు పైబడినదని చాలామందికి తెలియదు.

పట్టు పురుగుల మీద కూడా ఆయనకు ఎంతో మక్కువ. అస్సాంలో ఆముదపు ఆకు మేసి బతికే ఎరి పట్టు పురుగును బీహారులో పెంచే ప్రయోగాలు చేసి, ఘోష్‌తో కలిసి 1912లో దాని మీద ఒక నివేదిక ప్రచురించారు. ఎరి గూటికి ఒక చివర తెరచి ఉంటుంది. రెక్కల పురుగు ఎగిరిపోయాక ఖాళీ గూడు నుంచి నూలు వడుకుతారు కనుక ప్రాణిని ఉడకబెట్టే పని ఉండదు. ఆముదపు చేలో దాసరి పురుగు పడితే రైతు తల పట్టుకుంటాడు. ఆ ఆకునే ఎరి పురుగు తింటే ఇంటికి నాలుగు రాళ్లు వస్తాయి. మేసేది ఒకే ఆకు. ఒకటి చీడ అవుతుంది, ఒకటి సిరి అవుతుంది. ఈ తారతమ్యం పురుగులో లేదని, మన లెక్కలో ఉందని లెఫ్రాయ్ వంటి వారికి బాగా తెలుసు.

ఈ సందర్భంలోనే హౌలెట్ సంగతి ఒకటి చెప్పుకోవాలి. దోమలు దగ్గరికి రాకుండా ఒకరు సిట్రొనెల్లా నూనె వాడితే, దోమల మాట ఎలా ఉన్నా పండు ఈగలు గుంపులుగా వచ్చి వాలాయని పూసాలో ఆయన చెవిన పడింది. వాలినవన్నీ మగవే. మరొకరైతే నవ్వి ఊరుకునేవారు. హౌలెట్ పట్టు విడువక పరీక్షించి 1912లో ఆ వింతను ప్రకటించారు. 1915 నాటికి మిథైల్ యూజినాల్ అన్న పదార్థానికి ఆ ఈగలు వశమవుతాయని చూపారు. మన తులసిలోనూ ఉండే పదార్థమే అది. నేడు తెలుగునాట మామిడి తోటల్లో కాయ పక్వానికి వచ్చే వేళ కొమ్మలకు వేలాడే ఎర బుట్టల్లో ఉండేది ఇదే. కాయ మీద ఒక్క చుక్క విషం పడకుండా పండు ఈగను పట్టే ఈ ఉపాయానికి పుట్టిల్లు పూసా.

ఇంతవరకు ఇది విజయాల కథ. దీని లోపల మరొక కథ ఉంది.

లెఫ్రాయ్ భారతదేశానికి రావడానికి ఆరేళ్ల ముందు, 1897 ఆగస్టు 20న, సికింద్రాబాదులో సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశారు. జ్వరానికీ దోమకూ గల సంబంధం అలా రుజువైంది. కీటకం అంటే పంటను తినేది మాత్రమే కాదని, ఉయ్యాలలోని బిడ్డను కూడా తీసుకుపోగలదని శాస్త్రానికి తెలిసింది. అయితే తెలియడం వేరు, కాపాడుకోగలగడం వేరు. పూసా చుట్టూ నదులు, పల్లపు నేలలు, ఎన్నడూ ఎండని మడుగులు. దేశంలోని కీటకాలన్నిటి గురించి తెలిసినవాడని పేరుపొందిన లెఫ్రాయ్, కీటకాలు మోసుకొచ్చే వ్యాధులకు తన ఇద్దరు పిల్లలను ఈ గడ్డ మీదే పోగొట్టుకున్నారు.

ఆ శోకం గురించి ఇక్కడ ఊహించి చెప్పడం తగదు. భార్య కాథ్లీన్‌తో కలిసి ఆయన ఇంగ్లండుకు తరలిపోయారన్నది మాత్రం చరిత్ర. 1912 నాటికి లండన్ ఇంపీరియల్ కళాశాలలో కీటక శాస్త్ర ఆచార్యులుగా చేరారు. పూసాలో ఆయన స్థానంలోకి వచ్చినవారు, మద్రాసు ప్రెసిడెన్సీలో కీటక శాస్త్రవేత్తగా పనిచేసిన బెయిన్‌బ్రిగ్ ఫ్లెచర్. దక్షిణ భారత కీటకాల మీద ఫ్లెచర్ 1914లో వెలువరించిన గ్రంథం తెలుగు జిల్లాల పంటలకూ చాలా కాలం దిక్సూచిగా నిలిచింది.

లండన్‌కు వచ్చాక లెఫ్రాయ్ జీవితం రెండు పాయలుగా చీలింది. ఒక పాయ జంతు ప్రదర్శనశాలలో సాగింది. అక్కడ 1913లో కీటకాల కోసం ప్రత్యేకంగా ఒక భవనం ప్రారంభమైంది. దాని బాధ్యత ఆయన చూసుకున్నారు. ఇంట్లో కనిపిస్తే చీపురు పట్టే జనం, ఇక్కడ టికెట్టు కొని, అద్దానికి ముక్కు ఆనించి పురుగులను చూశారు. యుద్ధకాలంలో ఆ భవనం ఆలనాపాలనా లేక వెలవెలబోతే ఎవలిన్ చీజ్‌మన్ అన్న యువతిని ఆయన ఆ పనికి తీసుకున్నారు. పశువైద్యురాలు కావాలని ఆశపడి, స్త్రీ కావడం వల్ల ఆ కళాశాలలో ప్రవేశం దొరకని ఆమె, అక్కడి నుంచి మొదలుపెట్టి న్యూగినీ వంటి సుదూర దీవుల అడవులలో కీటకాలను సేకరించిన ప్రఖ్యాత అన్వేషకురాలు అయ్యారు. లెఫ్రాయ్ చేసిన మంచి పనులను లెక్కించేటప్పుడు చీజ్‌మన్‌కు తలుపు తెరవడాన్ని నేను మొదటి వరుసలో ఉంచుతాను.

రెండో పాయ విషాల వైపు సాగింది. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. కందకాలలో సైనికులను తుపాకి గుండ్ల కంటే ముందు పేలు పీడించాయి. పేలను అరికట్టే మందులు లెఫ్రాయ్ తయారుచేశారు. మెసొపొటేమియాలో, నేటి ఇరాక్‌లో, పోరాడుతున్న సేనలలో భారతీయ సిపాయిలు పెద్ద సంఖ్యలో ఉండేవారు. అక్కడి ఎండలో ఈగలు అన్నం మీద, గాయాల మీద నల్లగా ముసిరి విరేచనాల వ్యాధులు వ్యాపింపజేస్తుంటే, ఆ ఈగల నిర్మూలనకు 1916లో ఆయనను పంపారు. మధ్యలో భారతదేశానికి తిరిగి వచ్చి పట్టు పరిశ్రమ స్థితిగతుల మీద విచారణ జరిపారు. తరువాత గోధుమ నిల్వలను తినే ముక్క పురుగుల పని మీద ఆస్ట్రేలియాకు వెళ్లారు. ఈ ప్రయాణాలన్నింటిలోనూ ఆయనను పిలిచినవారు అడిగింది ఒక్కటే, త్వరగా చంపే మార్గం చెప్పమని. గాజు పాత్రలో పురుగును పెట్టి, దాని బతుకంతా చూసి, ఆ తరువాత ఉపాయం ఆలోచించే తీరిక యుద్ధానికి లేదు.

పిల్లల మరణమే ఆయనను ఈ దారి పట్టించిందని అనుకోవడం తేలిక. కథకు అది అందంగా అమరుతుంది కూడా. దానికి ఆధారం లేదు. ఉద్యోగం, యుద్ధం, అడిగినవారి తొందర, తన స్వభావంలోని ప్రయోగాల తపన కలిసి ఆయనను రసాయనాల వైపు నడిపించాయని అనుకోవడమే న్యాయం.

యుద్ధానికి కొద్దికాలం ముందు మరొక కబురు వచ్చింది. లండన్ పార్లమెంటు ప్రాంగణంలోని వెస్ట్‌మినిస్టర్ హాలు కప్పు పద్నాలుగో శతాబ్దం చివర రెండవ రిచర్డ్ రాజు కాలంలో ఓక్ కొయ్యతో కట్టినది. ఐదు వందల ఏళ్లు నిలిచిన ఆ దూలాలను కొయ్య తొలిచే పురుగులు లోపల గుల్ల చేశాయని తనిఖీలో బయటపడింది. కొన్ని దూలాలలో మనిషి దూరేంత బొరియలు ఉన్నాయి. ఆ పురుగును ఆ దేశంలో మృత్యు గడియారమని పిలుస్తారు. జత కోసం అది తన తలను కొయ్యకు టకటకమని కొడుతుంది. మరణశయ్య మీద ఉన్నవారి పక్కన నిశ్శబ్దంగా మేలుకుని కూర్చున్నవారికి ఆ శబ్దం వినిపించి, చావుకు సూచన అయింది. బల్లి పలుకులో శుభాశుభాలు వినే మనకు ఈ నమ్మకం పరాయిదిగా తోచదు. పాపం, ఆ పురుగు పిలిచేది తన తోడును మాత్రమే.

ఆ కప్పును నిలబెట్టే మరమ్మతు 1914 నుంచి దాదాపు పదేళ్లు సాగింది. పురుగును చంపి, కొయ్యకు చేటు చేయని ద్రావణాన్ని రూపొందించే పని లెఫ్రాయ్‌ది. అది ఫలించింది. నేటికీ ఆ కప్పు నిలిచి ఉంది. ఈ వార్త పాకడంతో దేశం నలుమూలల నుంచి చర్చి పెద్దలు, పాత భవనాల యజమానులు ఆ మందు కావాలని ఆయనను అడగసాగారు. ఎలిజబెత్ ఈడ్స్ అన్న సహాయకురాలితో కలిసి లండన్‌లో చిన్న గదిలో సీసాలలో నింపి అమ్మడం మొదలుపెట్టారు. కీటకం అన్న అర్థం గల గ్రీకు మాటకు చంపడమన్న ఇంగ్లీషు మాట చేర్చి ఎంటోకిల్ అని పేరు పెట్టబోయారు. నమోదులో అడ్డంకి రావడంతో ముందొక అక్షరం చేర్చారు. 1925లో రెంటోకిల్ సంస్థ అలా పుట్టింది.

ఆ ఏడాదే అక్టోబరులో, దక్షిణ కెన్సింగ్టన్‌లోని తన ప్రయోగశాలలో, ఈగలను చంపే ఒక వాయువు మీద లెఫ్రాయ్ ఒంటరిగా పనిచేస్తున్నారు. గది మూసి ఉంది, గాలి ఆడే దారి లేదు. ఎంతసేపటికీ ఆయన రాకపోవడంతో వెతుక్కుంటూ వెళ్లిన భార్యకు ఆయన స్పృహ లేక నేల మీద పడి కనిపించారు. ఆసుపత్రిలో తిరిగి కోలుకోలేదు. 1925 అక్టోబరు 14న మరణించారు. అప్పటికి ఆయన వయసు 48 ఏళ్లు. భారతదేశంలో ఇద్దరు బిడ్డలను కీటకాల వల్ల కోల్పోయిన కాథ్లీన్, ఇప్పుడు కీటకాలను చంపే ప్రయత్నంలో భర్తను కోల్పోయారు. ఆమె గురించి పుస్తకాలలో దొరికేది ఈ రెండు మూడు వాక్యాలే.

తరువాతి కథ అందరికీ తెలిసినదే. 1939లో డీడీటీ శక్తి బయటపడింది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత రసాయనాలు ఊరూరికీ చేరాయి. మన భాష వాటికి పురుగుమందు అని పేరు పెట్టింది. పురుగుకు విషమైనదాన్ని మనం మందు అనుకున్నాం. ఆ మాటలోని తీయదనం చాలా కాలం ఎవరినీ ఆలోచించనివ్వలేదు. దోమలను తగ్గించి లక్షలాది బిడ్డలను మలేరియా నుంచి కాపాడిన మేలు డీడీటీ ఖాతాలో ఉంది. ఆ మేలును తక్కువ చేసి మాట్లాడేవారు పూసా వంటి చోట్ల తల్లులు పడిన కష్టాన్ని మరచిపోతున్నారు. మరో ఖాతా కూడా ఉంది. 1997-98లో వరంగల్ ప్రాంతంలో పత్తిని పురుగు తినేసింది. ఎన్నిసార్లు కొట్టినా మందు దానికి పట్టలేదు, అప్పు మాత్రం పెరిగింది. చివరికి ఎందరో రైతులు ఆ డబ్బాలోని మందునే తాగి ప్రాణాలు తీసుకున్నారు. అప్పటి నుంచి తెలుగు రాష్ట్రాలలో మందు లేని సేద్యం గురించి మాట్లాడేవారు చెబుతున్న ఎర పంటలు, దీపపు ఎరలు, మిత్ర పురుగుల వంటి ఉపాయాలు 1906 నాటి లెఫ్రాయ్ పుస్తకంలోని పుటలకు దగ్గరగా ఉన్నాయి.

పూసాలోని ఆ భవనం 1934 జనవరి నాటి బీహారు భూకంపంలో దెబ్బతింది. సంస్థను 1936లో ఢిల్లీకి తరలించారు. ఊరు మారినా పూసా పేరు దానిని విడువలేదు. లెఫ్రాయ్, ఆయన సహాయకులు సేకరించి సూది గుచ్చిన పురుగులతో మొదలైన భాండారం నేడు జాతీయ పూసా సేకరణ పేరుతో అక్కడే ఉంది. ఎక్కడైనా పొలంలో తెలియని పురుగు కనిపిస్తే, దాని జాతి తేల్చడానికి ఆ పెట్టెలు తెరుస్తారు.

బెండ, పత్తి కాయలను తొలిచే మచ్చల పురుగు మీద గుడ్లు పెట్టి దానిని హతమార్చే చిన్న కందిరీగ వంటి కీటకానికి బ్రాకాన్ లెఫ్రాయి అని శాస్త్రవేత్తలు ఆయన పేరే పెట్టారు. మందు కొట్టని పెరటిలో, కాయకు ఉన్న చిన్న రంధ్రం దగ్గర చీమంతటి రెక్కల పురుగు ఒకటి మీసాలు కదుపుతూ తచ్చాడుతుంటే, అది ఆ జాతిదో దాని చుట్టమో అయి ఉండవచ్చు.